బతికిన చేపలు

అన్నయ్య చేపలు పోయిన రోజు ఉదయం ఆకాశం కడిగిపెట్టినట్టుంది. ఎండ ఇంకా చెట్ల కొమ్మలు దిగలేదు. అన్నయ్య ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, చేతిలో వల పట్టుకుని, చెరువు గట్టు మీద నిలబడి ఉన్నాడు. వల ఎందుకు తెచ్చుకున్నాడో అతనికే గుర్తున్నట్టు లేదు. చెరువులో నీళ్ళు కనిపించడం లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తెల్లటి పొట్టలే కనిపిస్తున్నాయి. గాలి వీచినప్పుడు అవన్నీ ఒక్కటిగా కాస్త జరిగి, మళ్ళీ ఆగుతున్నాయి.

పోయిన వారం మనం కథను వదిలిపెట్టి వచ్చింది ఆ గట్టు మీదే. చెల్లెలు బస్సు దిగి, పరుగులాంటి నడకతో వచ్చి, చెరువును చూసి, నోటి దగ్గరికి వెళ్ళిన చెయ్యి అక్కడే ఉంచేసుకుని నిలబడిపోయింది.

ఆమెను అన్నయ్య చెల్లాయ్ అంటాడు. ఆమె పనిచేసే నదుల పరీక్షాశాలలో అందరూ చుక్కమ్మ అంటారు. ఉద్యోగంలో చేరిన రోజు గాజు గొట్టంలోంచి పడుతున్న మందు చుక్కల్ని పైకి లెక్కపెట్టిందట. అది విని నవ్వి, పరీక్షాశాల పెద్దగా ఉన్న మాస్టారు పెట్టిన పేరది. జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా ఆమెకు వేరే పేరు లేనట్టే అయిపోయింది.

నది ఎగువన రంగుల మిల్లు ఉంది. బట్టలకు రంగులు అద్ది, మిగిలిన నీటిని శుద్ధి చేశామని చెప్పి నదిలోకి వదులుతుంది. నిజంగా శుద్ధి అయిందో లేదో తేల్చవలసింది పరీక్షాశాల. మందులు కలిపి చూసే పరీక్షలు చాలానే ఉన్నాయి గాని, అన్నిటికన్నా పెద్ద సాక్షి చేప. మిల్లు నీటిని గాజు తొట్టిలో పోసి, వేలెడంత చేపల్ని అందులో వదిలి, నాలుగు రోజులు కనిపెట్టి చూస్తారు. చేపలు బతికితే నీరు మంచిది. ఎక్కువ చస్తే మిల్లు ఆగాలి. ఇన్నేళ్ళలో మిల్లు ఆగిన రోజు లేదు.

అన్నయ్య చెరువుకు ఆ నదే ఆధారం. నీళ్ళు పెట్టుకునే ప్రతిసారీ చెల్లెలికి ఫోను చేసి అడిగిగాని గేటు ఎత్తడు. ఆ ముందు రోజూ అడిగాడు. "పెట్టుకో అన్నయ్యా, మా చేపలన్నీ హాయిగా ఉన్నాయి," అంది ఆమె. తెల్లారేసరికి ఇదీ సంగతి.

"అన్నయ్యా," అంది గట్టు మీద. 

"నీళ్ళు కాదే," అన్నాడు అన్నయ్య, ఆమె అడగకుండానే. "నీళ్ళు మంచివే. నువ్వు చూశావుగా. కొత్త నీళ్ళకి మంచిదని రాత్రి సున్నం చల్లాను. చెయ్యి కాస్త ఎక్కువ పడ్డట్టుంది."

గట్టు చివర మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చున్న వదిన తలెత్తింది. "కాస్తా? రెండు చేతులా చల్లాడు. చాలయ్యా అంటే వింటేగా."

"సరేలే, ఇప్పుడు తిట్టి ఏం లాభం?"

"తిట్టడం లేదు. జరిగింది చెబుతున్నా. నీ చెల్లెలు అంత దూరాన కూర్చుని నీళ్ళెలా ఉన్నాయో చెప్పగలదు. నీ చెయ్యి నీ పక్కనే ఉంటుంది, అదేం చేస్తోందో నువ్వు చూసుకోలేవు."

అన్నయ్య తల ఊపాడు. కాదనలేదు. పెద్దవాళ్ళు తప్పు ఎత్తి చూపినప్పుడు బడిపిల్లాడు ఊపినట్టు, నెమ్మదిగా, రెండుసార్లు ఊపాడు.

"సున్నానికి ఇన్ని చావవు అన్నయ్యా," అంది చుక్కమ్మ.

"నీకేం తెలుసే, గాజు గిన్నెలో చేపల్ని చూసేదానివి," అంటూ నవ్వబోయాడు. నవ్వు సగంలోనే పోయింది. "పద, ఎండెక్కితే వాసన వస్తుంది. తీసి పూడ్చెయ్యాలి."

సాయంత్రం దాకా ముగ్గురూ అదే పని చేశారు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె గేటు దగ్గరి కాలువలోంచి పెద్ద డబ్బాల నిండా నీళ్ళు పట్టుకుని బస్సెక్కింది. కండక్టరు, "ఏంటమ్మా, మీ ఊళ్ళో నీళ్ళు రావట్లేదా?" అన్నాడు.  ఆమెకు మాత్రం అన్నయ్య తల ఊపడమే కళ్ళముందు ఉంది. ఆమె మాటను అనుమానించడం చేతకాక, అన్నయ్య తన చేతిని అనుమానించుకున్నాడు.

అక్కడి నుంచి ఈ వారం కథ.

పరీక్షాశాలకు వచ్చాక ఆ కాలువ నీటికి పరీక్ష పెడదామంటే తొట్టిలో సరిపడా చేపలు లేవు. ఎదిగినవాటిని చాలావరకు ఇంకో పరీక్షాశాలకు పంపేశారు. మళ్ళీ ఎదిగిందాకా ఆగే ఓపిక ఆమెకు లేదు. బజారులో రంగు చేపలు అమ్మే దుకాణానికి వెళ్ళింది. మాస్టారు పెంచే జాతి అక్కడా దొరుకుతుంది. చూడ్డానికి పెద్ద అందమేమీ ఉండదు, పెద్ద చేపలకు మేతగా అమ్ముతారు.

"ఇన్ని ఎందుకమ్మా?" అన్నాడు దుకాణదారు, వలతో తోడి సంచిలో వేస్తూ.

"పరీక్ష ఉంది."

"చేపలకి కూడా పెడుతున్నారా ఇప్పుడు? పాపం." సంచి మూతికి రబ్బరు బిగించాడు. "మంచి మార్కులొస్తే చెప్పండమ్మా, దుకాణం ముందు బోర్డు పెట్టుకుంటా."

ఆ చేపల్ని పక్క గదిలో మంచి నీళ్ళలో ఉంచి, తిండికి అలవాటు పడేదాకా చూసింది. అవి చురుగ్గా తిరగడం మొదలయ్యాక మూడు గాజు తొట్లు బల్ల మీద పెట్టింది. ఒకదానిలో కాలువ నీళ్ళు పోసి బజారు చేపల్ని వేసింది. రెండోదానిలో అదే కాలువ నీళ్ళు పోసి, పరీక్షాశాలలో మిగిలిన కాసిని చేపల్ని వేసింది. మూడోదానిలో మంచి నీళ్ళూ బజారు చేపలూ. ఇందులో కొత్తేమీ లేదు. ఏళ్ళ తరబడి చేసిన పనే.

మధ్యాహ్నానికి మొదటి తొట్టిలో చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం వెతుక్కున్నాయి. ఆ తర్వాత పక్కకు ఒరిగాయి. పొద్దు వాలేసరికి తెల్లటి పొట్టలు తేలాయి. అన్నయ్య చెరువు చిన్నదై బల్ల మీదికి వచ్చినట్టుంది.

మూడో తొట్టిలో ఒక్కటి కూడా చావలేదు.

ఆమెను హడలగొట్టింది ఆ రెండు తొట్లూ కాదు. మధ్యది. ఆమె వంగి చూసేసరికి, ఆ విషపు నీళ్ళలోంచి పరీక్షాశాల చేపలు గాజు దగ్గరికి వచ్చి, ఎప్పుడూ వచ్చినట్టే, మేత కోసం మూతులు ఆనించి నిలబడ్డాయి. చచ్చిన చేపను చూసి భయపడటం మామూలే. బతికిన చేపను చూసి ఒళ్ళు చల్లబడటం ఆమెకు అదే మొదటిసారి.

ఎక్కడో పొరపాటు పడ్డాననుకుంది. తొట్లు కడిగి, మార్చి, మళ్ళీ పెట్టింది. ఇంకో దుకాణం నుంచి చేపలు తెచ్చి పెట్టింది. అంతా చేశాక ఇంకొక పరీక్ష కూడా పెట్టింది. దాని గురించి మాస్టారితో మాట్లాడేటప్పుడు చెప్పుకుందాం. అన్నిటికీ ఒకటే జవాబు వచ్చింది.

ఈలోగా మిల్లువాళ్ళు నదిలోకి కొత్తగా కట్టిన పెద్ద తూముకు పరీక్షాశాల అనుమతి అడిగారు. మునుపటి పరీక్షలో చేపలన్నీ బతికాయి గనక మాస్టారు సంతకం పెట్టారు. తూము రేపు తెరుస్తారనగా ఈ ఉదయం చుక్కమ్మ చేపల గదిలోకి వెళ్ళింది. రేపటిలోగా ఆ సంతకం వెనక్కి తీసుకునేలా ఆయన్ను ఒప్పించాలి. వెనక్కి తీసుకునే హక్కు ఆయన ఒక్కరికే ఉంది.

చేపల గదంటే మాస్టారికి ఇల్లే. గోడలకు తెల్ల పలకలు. తొట్ల అడుగున గాలి గొట్టాలు ఎడతెగకుండా బుడగలు వదులుతుంటాయి. మేకుకు నీలం రంగు వల వేలాడుతూ ఉంటుంది. గది మధ్యలో పెద్ద తొట్టి ఉంది. పరీక్షలో బతికిన చేపలన్నీ అందులోకి చేరతాయి. మిగతా చోట్ల పని అయిపోయాక వాటిని చంపేస్తారు. మాస్టారికి అది చేతకాలేదు. "పరీక్ష రాసి పాసైన పిల్లల్ని చంపుతామా ఎక్కడైనా?" అంటారు. చూడ్డానికి వచ్చిన పెద్దలందరికీ ఆ తొట్టి చూపించేవారు. అందరూ మెచ్చుకునేవారు. కొందరికి కళ్ళు చెమర్చేవి కూడా. బతికిన చేపల్ని ఆ నీలం వలతో జాగ్రత్తగా తెచ్చి పెద్ద తొట్టిలో వదిలింది ఎక్కువసార్లు చుక్కమ్మే.

"మాస్టారూ, ఒకసారి నా బల్ల దగ్గరికి వస్తారా?"

"ఇప్పుడా? వీళ్ళు ఫలహారం చేస్తున్నారు. మధ్యలో లేచి వెళితే మర్యాదగా ఉండదు." చిటికెడు మేత నలిపి నీళ్ళ మీద చల్లుతూ, వెనక్కి తిరగకుండానే అన్నారు. "అన్నయ్య ఎలా ఉన్నాడమ్మా?"

"బాగా లేడు."

మాస్టారు తిరిగి ఆమె ముఖం చూశారు. మేత డబ్బా మూతపెట్టి, ఏమీ అడగకుండా వెంట నడిచారు.

బల్ల దగ్గర మొదటి తొట్టి చూడగానే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఎవరివి ఇవి?"

"బజారువి."

"బజారు చేపల్ని ఇంట్లోకి ఎందుకు తెచ్చావు? జబ్బులు తగులుకుంటాయి."

"మన తొట్ల దరిదాపులకి తేలేదు మాస్టారూ. ఈ గదిలోనే ఉంచాను."

"పోనీలే. చచ్చాయిగా. బజారు సరుకంటే అంతే మరి. ఎన్నాళ్ళు తిండి లేకుండా ఉన్నాయో ఏమో."

"ఇవీ బజారువే." మంచి నీళ్ళ తొట్టి చూపించింది. "ఒకే దుకాణం, ఒకే సంచి. ఇవి మంచి నీళ్ళలో ఉన్నాయి. అవి మా అన్నయ్య కాలువ నీళ్ళలో."

మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టుకుని ఒకదాని నుంచి ఒకదానికి చూశారు. "అయితే కాలువ నీళ్ళలో ఏదో ఉంది."

"ఉంది. మరి ఇవి మనవి." మధ్య తొట్టి ముందుకు జరిపింది. "అదే కాలువ నీళ్ళు."

మాస్టారి తెల్ల కోటు కనిపించగానే ఆ తొట్టిలో చేపలు గుంపుగా గాజు దగ్గరికి వచ్చాయి. తోకలు ఆడిస్తూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

"చూడు, ఎలా ఉన్నారో," అన్నారాయన, అలవాటు కొద్దీ, మురిపెంగా. ఆ మాట ఆయన చెవిన పడ్డట్టుంది. నవ్వు నెమ్మదిగా జారిపోయింది.



"ఒక్క దుకాణాన్ని చూసి చెప్పలేం," అన్నారు.

"రెండో దుకాణం నుంచి కూడా తెచ్చాను. అంతే అయింది."

"తొట్లు?"

"మార్చి చూశాను."

"ఇక్కడికి తెచ్చేటప్పుడు బెదిరి ఉంటాయి."

"బాగా తినేదాకా ఆగి వేశాను మాస్టారూ. మీరు నేర్పినట్టే చేశాను."

ఆ చివరి మాట అనకుండా ఉండవలసిందని ఆమెకు అన్నాక తెలిసింది. మాస్టారు కుర్చీ వీపు పట్టుకున్నారు.

"మన పిల్లలకి తిండి బాగుంటుంది," అన్నారు. ఇప్పుడాయన గొంతులో కాస్త పట్టుదల వచ్చింది. "గాలి బాగుంటుంది. వేళకి వెలుతురు. గట్టిగా ఎదిగారు. పిల్లలు గట్టిగా ఎదగడం తప్పంటావా?"

"తప్పు కాదు. కానీ గట్టివాళ్ళని పంపి, నీళ్ళలో విషం లేదని చెప్పించాం. నదిలో ఉండేవి అంత గట్టివి కావు. అన్నయ్య చెరువులోవీ కావు."

"ఉండమ్మా, తొందరపడకు." ఆయన వేలు పైకెత్తారు, తరగతిలో లెక్క ఆపి దిద్దేటప్పుడు ఎత్తినట్టు. "నువ్వు వేసినవి పెద్దవి. మిల్లు నీళ్ళు ఎప్పుడో ఒకసారి తగిలి ఉంటాయి వాటికి. ఒంటికి అలవాటు పడి ఉండొచ్చు. అదో ఇదో తేలాలంటే ఏం చెయ్యాలి? ఈ మధ్యే గుడ్డులోంచి వచ్చి, పుట్టాక ఒక్క చుక్క మిల్లు నీరు తగలని పిల్లల్ని వేసి చూడాలి. అవి చచ్చాయనుకో, ఇదంతా అలవాటు మాత్రమే. సరిదిద్దుకోవచ్చు."

చుక్కమ్మ బల్ల చివర గుడ్డ కప్పి ఉన్న నాలుగో తొట్టి దగ్గరికి వెళ్ళింది. ఇందాక చెప్పుకుందామన్న పరీక్ష అదే. గుడ్డ తీసింది.

పెద్ద తొట్టి చేపల గుడ్లను మంచి నీళ్ళలో పొదిగిస్తే వచ్చిన, గోధుమ గింజంత చేపపిల్లలు. ఒంట్లోంచి వెలుగు అవతలికి కనిపిస్తోంది. నీళ్ళలో సూదుల్లా అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"కాలువ నీళ్ళేనా?" అన్నారు మాస్టారు.

"కాలువ నీళ్ళే."

"ఎప్పుడు వేశావు?"

"నాలుగు రోజులు నిండాయి."

"ఎన్ని పోయాయి?"

"ఒక్కటి కూడా పోలేదు మాస్టారూ."

ఆయన కూర్చున్నారు.   కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అది లేకుండా ఆయన ముఖం ఆమె ఎప్పుడూ చూడలేదు. ముక్కుకి రెండు పక్కలా ఎర్రటి నొక్కులు ఉన్నాయి. ఒక్కసారిగా ముసలివారైపోయినట్టు అనిపించి, ఆమె చూపు తిప్పుకుంది.

ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మనం మాత్రం ఒకసారి చెప్పుకుందాం. మొదట్లో ఎప్పుడో మిల్లు నీళ్ళలో చేపల్ని వేసినప్పుడు, తట్టుకోలేని కొన్ని పోయాయి. తట్టుకున్నవి మిగిలాయి. మిగిలినవే ఎక్కువ గనక నీరు మంచిదన్నారు. వాటిని చంపలేక పెద్ద తొట్టిలో వదిలారు. అక్కడ అవి పిల్లల్ని పెట్టాయి. తర్వాతి పరీక్షకు ఆ పిల్లల్నే వేశారు. వాటిలోనూ బలహీనమైనవి పోయాయి, బలమైనవి పెద్ద తొట్టికి చేరాయి. అలా తరం వెంట తరం. పోయేవి తగ్గుతూ వచ్చాయి. మిల్లు నీరు బాగుపడుతోందని అందరూ సంతోషించారు. ఒకసారి పరీక్షించిన చేపను మళ్ళీ పరీక్షించకూడదన్నది నియమం. ఆ నియమాన్ని వాళ్ళు ఒక్కసారి కూడా తప్పలేదు. ఒక్క చేపనూ రెండోసారి పరీక్షించలేదు. దాని పిల్లల్ని పరీక్షించారు.

"ఏరుకుంటూ వచ్చాం," అన్నారు మాస్టారు. గొంతు చాలా మామూలుగా ఉంది. "బియ్యంలోంచి రాళ్ళు ఏరినట్టు. ఇన్నేళ్ళూ కూర్చుని, ఆ మిల్లు నీళ్ళకి సరిపోయే చేపని తయారు చేసి పెట్టాం."

"నేనూ చేశాను మాస్టారూ. ఆ వల పట్టుకున్నది నేనేగా."

"నువ్వు నేను చెప్పింది చేశావు."

"చెప్పకపోయినా చేసేదాన్ని. నాకూ వాటిని చంపబుద్ధి కాలేదు."

ఆయన ఆమెవైపు చూశారు. ఓదార్పు కోరి అన్న మాట కాదని ఆయనకు తెలిసింది. ఓదార్పుగా కూడా అది పనికిరాలేదు.

ఆమె అడిగింది. అడగాలని రాత్రంతా అనుకుని, అడగకుండా ఉండగలిగితే బాగుండుననుకున్న ప్రశ్న.

"మొన్న మన తొట్టిలో చేపలు లేవు. ఎక్కడికి పంపారు?"

"రేవు దగ్గరి పరీక్షాశాలకి. వాళ్ళ తొట్టి ఏదో పాడైందని అడిగితే..." ఆయన ఆగారు.

"అంతకుముందు?"

"కొండ కింద గనుల దగ్గరి వాళ్ళకి." మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి. "తోళ్ళ కార్ఖానాల దగ్గరి వాళ్ళకి. కాగితం మిల్లు ఉన్న చోటికి. అడిగిన వాళ్ళందరికీ ఇచ్చానమ్మా. మన చేపలు చాలా ఆరోగ్యంగా ఉంటాయని, ఎప్పుడు పరీక్ష పెట్టినా ఇబ్బంది ఉండదని, ఎక్కడెక్కడి వాళ్ళూ అడిగేవారు. వద్దనలేదు. పిల్లల్ని అప్పగించినట్టు జాగ్రత్తలు చెప్పి మరీ పంపాను."

చుక్కమ్మ బల్ల అంచు పట్టుకుంది. తన నది ఒక్కటే అనుకుని ఈ గదిలోకి వచ్చింది. మిగతా నదులన్నీ ఒక్కొక్కటిగా గదిలోకి వచ్చి నిలబడ్డట్టు అనిపించింది.

"అక్కడి విషాలు వేరు," అంది. "వాటికి మన చేపలు తట్టుకుంటాయో లేదో మనకి తెలియదు."

"తెలియదు. తట్టుకోవని కూడా తెలియదు. తెలుసని మనం రాసి పంపిన వాళ్ళకి ఇప్పుడు తెలియదని ఏ ముఖంతో చెబుతాం?"

"చెప్పక తప్పదు మాస్టారూ. ముందు ఈ తూము సంగతి చూడండి. రేపు తెరుస్తారు. అనుమతి వెనక్కి తీసుకుంటున్నామని ఒక్క ముక్క రాయండి."

ఆయన జేబులోంచి కలం తీశారు. మూత తీశారు. కాగితం ముందుకు లాక్కుని, దాని మీద చెయ్యి పెట్టి, అలాగే ఉండిపోయారు.

"దీని మీద కారణం రాయాలి," అన్నారు.

"రాయాలి."

"కారణం రాస్తే, వెనక ఇచ్చిన అనుమతులన్నీ కొట్టేసినట్టే. నావి మాత్రమే కాదు. ఈ చేపలతో ఎవరు ఏం రాసినా కొట్టేసినట్టే." కలం మూత మళ్ళీ పెట్టారు. "ఒక్కరోజు ఆగమ్మా. ఇంత పెద్ద మాట అనేముందు మళ్ళీ ఒక్కసారి పరీక్ష పెడదాం. నేనే దగ్గరుండి చూస్తాను."

"ఎవరి చేపలతో మాస్టారూ?"

ఆయన కలం బల్ల మీద పెట్టేశారు. అడిగినందుకు ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడవలేదు. తనకు ఈ పనిలో ఓనమాలు దిద్దించిన మనిషిని ఇంత మాట అడగవలసి వస్తుందని ఏ రోజూ అనుకోలేదు.

అప్పుడాయన లేచి, గోడ దగ్గరి ఫోను తీసుకున్నారు. కాగితం సంగతి తర్వాత, ముందు నోటిమాటగా ఆపిస్తాను అన్నట్టు చేత్తో సైగ చేశారు. అవతల మిల్లు ఇంజనీరు గొంతు హుషారుగా ఉంది. ఫోనుకు దూరంగా నిలబడ్డ ఆమెకు కూడా వినిపిస్తోంది.

"మాస్టారూ, నమస్కారం. నూరేళ్ళు మీకు. ఇప్పుడే మీ మాటే అనుకుంటున్నాం."

"ఆ రేపటి తూము... రేపు తెరవొద్దయ్యా. కొన్నాళ్ళు ఆపండి."

"రేపేంటి సార్? పొద్దున్నే తెరిచేశాం. మీ సంతకం వచ్చింది కదా, ఒక రోజు ముందైతే ఏమైందని మా పెద్దాయన తొందరపెట్టారు. అబ్బో, నీళ్ళు ఏం దూకుతున్నాయనుకున్నారు. ఫోటో పంపమంటారా?"

 "మూసెయ్యండి," అన్నారు మాస్టారు.

"మూయడమా?" అవతల నవ్వు ఆగింది. "ఎందుకు సార్? మీ చేపలన్నీ బతికాయని మీరేగా రాశారు."

"మూసెయ్యమని చెబుతున్నాను."

"మీరు చెబితే కాదంటామా? కానీ నోటిమాట మీద నేను మూయలేను మాస్టారూ, నా ఉద్యోగం పోతుంది. కాగితం పంపండి. కారణం రాసి, సంతకం పెట్టి పంపండి. వచ్చిన మరుక్షణం మూయిస్తాను."

మాస్టారు ఫోను పెట్టేశారు. బల్ల మీది తెల్ల కాగితంవైపు చూశారు గాని దాని దగ్గరికి వెళ్ళలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, వీపు ఇటు పెట్టి నిలబడ్డారు.

పొద్దున్నే తెరిచేశామన్నాడు ఇంజనీరు. చుక్కమ్మకు ఆ మాట ఆలస్యంగా తగిలింది. మిల్లు నుంచి అన్నయ్య కాలువ దాకా నది పెద్ద దూరమేమీ కాదు. చెరువు ఖాళీగా ఉందిలే, పోయేదేమీ లేదులే అనుకుంటూనే ఫోను తీసి అన్నయ్యకు కలిపింది.

"చెల్లాయ్!" చాలా రోజులకు ఆ గొంతులో కాస్త ప్రాణం వినిపించింది. వెనక నీళ్ళు పారుతున్న చప్పుడు. "నేనే చేద్దామనుకుంటున్నా. మీ వదిన తమ్ముడు చేపపిల్లల్ని తెచ్చాడే, పీపాల నిండా. అదృష్టం బాగుండి ఎక్కువ పుట్టాయంట. ఊరికే తీసుకెళ్ళు బావా అన్నాడు. వాటిని వదులుదామని చెరువు నింపుతున్నా."

"నది నీళ్ళా?"

"మరింకెక్కడివి? పొద్దున నిన్ను అడుగుదామంటే నీ ఫోను కలవలేదు. మొన్న నువ్వు బాగున్నాయన్నావుగా, ఆ ధైర్యంతోనే ఎత్తాను. ఈసారి సున్నం జోలికి పోను. మీ వదిన డబ్బా దాచేసింది కూడా." నవ్వాడు. "ఇదిగో, పీపా వంచబోతున్నాం. నీ చేత్తో వదిలినట్టు అనుకో."

"అన్నయ్యా, వదలొద్దు. గేటు దించెయ్యి."

"ఏంటి?"

"గేటు దించు అన్నయ్యా. ఇప్పుడే. పిల్లల్ని నీళ్ళలో వెయ్యొద్దు."

అన్నయ్య ఎందుకని అడగలేదు. "పీపా దించరా," అని ఎవరితోనో అన్నాడు. ఫోను గట్టు మీద పెట్టినట్టుంది. అడుగుల చప్పుడు, ఇనుప చక్రం తిరుగుతూ కీచుమనడం, దూరంగా వదిన గొంతు, "ఏమైంది? ఎవరు చెప్పారు?" అనడం, "చెల్లాయ్ చెప్పింది," అని అతను బదులివ్వడం వినిపించాయి.  చెల్లాయ్ చెప్పిందంటే ఆ ఇంట్లో ఇక అడగడానికి ఏమీ ఉండదు.

నీళ్ళ చప్పుడు సన్నబడి, ఆగింది.

"దించేశానే," అన్నాడు అన్నయ్య, ఆయాసపడుతూ. "సగం నిండింది, తోడేస్తాలే. ఇప్పుడు చెప్పు. ఎందుకు?"

ఆమె కిటికీవైపు చూసింది. మాస్టారు ఇటు తిరగలేదు. మధ్య తొట్టిలో చేపలు ఇంకా మేత కోసం గాజుకు మూతులు ఆనించి ఉన్నాయి.

"చెల్లాయ్? ఉన్నావా? నేనేమైనా తప్పు చేశానా మళ్ళీ?"

మిల్లు తూము తెరిచే ఉంది. బల్ల మీది కాగితం మీద మాస్టారు ఒక్క అక్షరం కూడా రాయలేదు. తప్పు నీది కాదని అన్నయ్యకు ఆమె ఇంకా చెప్పలేదు.